సిస్టరమ్మను అడగండి: వార్డులో ఫోను, ఊళ్లో ట్యాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్లు, యాప్‌లు, కంప్యూటర్ల గురించే. అందుకని కీళ్లనొప్పులు, షుగరు ప్రశ్నలను వచ్చే నెలకు పక్కన పెట్టాను, ఆ పాఠకులు ఏమీ అనుకోవద్దు. నేను స్టాఫ్ నర్సుగా చేరిన రోజుల్లో వార్డు మొత్తానికి ఒకటే నల్ల ఫోను, దానికీ తాళం. నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరయ్యేనాటికి ప్రతి అమ్మాయి జేబులోనూ ఒక ఫోను, టేబుల్ మీద రెండు కంప్యూటర్లు. ఈ మార్పంతా దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మా నాన్నగారిని గుండెనొప్పితో ఒక ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం. డ్యూటీ నర్సు చేతిలో ఎప్పుడు చూసినా ఫోనే. ఇలాంటివాళ్ల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి? (ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా)

ఫిర్యాదుకేం, చేద్దురుగాని బాబూ. ముందు ఆ ఫోనులో ఆవిడ ఏం చేస్తోందో చూశారా?

గుండెనొప్పి అని వచ్చినవాళ్లకు మొదట తీసేది ఈసీజీ. చిన్న ఆసుపత్రుల్లో గుండె డాక్టరు ఉండరు. అందుకే ఆ ఈసీజీని అక్కడి నుంచే పెద్దాసుపత్రిలోని కార్డియాలజిస్టుకు పంపిస్తారు. స్టెమి అనే పేరుతో ఈ ఏర్పాటు మన రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఆయన చూసి 'ఇది గుండెపోటే' అంటే, రక్తనాళంలో గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. బయట కొంటే పదుల వేలల్లో ఉండే ఇంజెక్షన్ అది. ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. ఒకప్పుడైతే అదే పేషెంటును అంబులెన్సులో వేసుకుని రెండు మూడు గంటలు ప్రయాణం చేయించేవాళ్లం. దారిలోనే పోయినవాళ్లు ఎందరో.

అది కాకపోతే సెలైను లెక్క వేసుకుంటూ ఉండొచ్చు. 500 ఎంఎల్ బాటిలు 4 గంటల్లో ఎక్కాలని డాక్టరు రాశారనుకోండి. మన చేతిలో ఉన్నది ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెట్టు. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. మా తరం ఇది నోటితో వేసేది, నాకిప్పటికీ నోటిలెక్కే ఇష్టం. కానీ రాత్రి మూడింటికి వార్డంతా ఒక్కతే చూసుకుంటున్న పిల్ల ఫోనులో వేసి సరిచూసుకుంటే నేను తప్పుపట్టను.

అలాగని రీల్స్ చూసేవాళ్లను వెనకేసుకురావడం లేదు. గుర్తుపట్టడం తేలికే, బొటనవేలు చూడండి. కిందనుంచి పైకి తోస్తూనే ఉంటే అది ఈసీజీ కాదు. అప్పుడు వార్డు ఇన్‌ఛార్జి సిస్టరుకు చెప్పండి. ఆవిడ పట్టించుకోకపోతే నర్సింగ్ సూపరింటెండెంటు ఉంటారు. వీడియో తీసి గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. పక్క బెడ్ మీద చీర సర్దుకోలేని స్థితిలో ఉన్నావిడ కూడా అందులో పడుతుంది.

మేడమ్, నేను ఏజెన్సీలో ఏఎన్ఎంని. గర్భిణులకు ఒక యాప్, టీకాలకు ఒకటి, బీపీ షుగర్లకు ఒకటి, టీబీకి ఒకటి, హాజరుకు ముఖం చూపించేది ఇంకొకటి. ఇవన్నీ ఎక్కించాక మళ్లీ రిజిస్టర్లు. సిగ్నల్ కావాలంటే గట్టెక్కాలి. ఓటీపీ అడిగితే జనం దొంగను చూసినట్టు చూస్తున్నారు. నేను నర్సునా, డేటా ఎంట్రీ ఆపరేటర్నా? (ఒక సోదరి, అల్లూరి సీతారామరాజు జిల్లా)

తల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కోపం నీ మీద కాదు.

మీ రిజిస్టర్ల లెక్కలు ఎక్కించే అన్మోల్ యాప్ ఉన్న ట్యాబు 2016లో అందరికంటే ముందు వచ్చింది మన ఆంధ్రప్రదేశ్‌కే. ఇక రిజిస్టర్ల మోత తగ్గుతుందని అప్పుడు ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. ట్యాబు వచ్చింది, రిజిస్టరూ ఉండిపోయింది. ఆ తర్వాత టీకాలకు యూ-విన్, టీబీకి నిక్షయ్, ఇంకా నువ్వు రాసినవన్నీ వచ్చి చేరాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచిదే. యూ-విన్‌లో ఎక్కిన బిడ్డ తల్లితో పాటు మిరప కోతలకు వేరే జిల్లాకు వెళ్లినా అక్కడి ఏఎన్ఎంకు ఏ టీకా పడిందో, ఏది పడాలో కనబడుతుంది. కార్డు వానకు తడిసిపోయిందని మళ్లీ మొదటినుంచి వెతుక్కునే బాధ లేదు. కష్టమల్లా ఆ మంచి పనులన్నీ ఒకే మనిషి చేతిలో, అదీ రెండేసి సార్లు చేయాల్సి రావడం.

సిగ్నల్ సంగతి ముందు చెబుతాను. అన్మోల్ నెట్ లేకపోయినా నమోదు చేసుకుంటుంది, నెట్ దొరికినప్పుడు పైకి పంపుతుంది. కాబట్టి అంకెలు ఇంటి దగ్గర, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఎక్కించు. గట్టెక్కాల్సింది సింక్ కొట్టడానికే, అదీ పీహెచ్‌సీకి వచ్చే రోజున కొడితే గట్టు కూడా అక్కర్లేదు. మరీ ఎక్కువ రోజులు ఆపకు, ట్యాబు వాగులో పడిందంటే పంపనివన్నీ దాంతోనే పోతాయి.

రెండుసార్లు రాయడాన్ని నువ్వొక్కదానివే మార్చలేవు. నెలవారీ మీటింగులో అందరూ ఒక్కసారిగా గోల చేస్తే అది గోలగానే మిగిలిపోతుంది. ఒక వారం పాటు ఏ యాప్‌కు ఎంతసేపు పట్టిందో, ఏ రిజిస్టరుకు ఎంతసేపు పట్టిందో చిన్న డైరీలో రాసుకోండి. మండలంలో ఉన్న ఏఎన్ఎంలంతా కలిసి దాన్ని మెడికల్ ఆఫీసరు ద్వారా జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీ దగ్గర రోజూ అంకెలు అడిగేవాళ్లు అంకెలతో చెబితేనే వింటారు.

ఇక ఓటీపీ. 'బ్యాంకోళ్లు ఎవరికీ చెప్పొద్దంటారు, నువ్వేమో చెప్పమంటావు' అని ఆ ఇల్లాలు అడిగేదాంట్లో న్యాయం ఉంది. ఆశా వర్కరును వెంట తీసుకెళ్లు. మెసేజ్ నువ్వు చదవకు, ఆవిడకో, చదువుకున్న పిల్లలకో ఇచ్చి పైకి చదివించు. దేనికోసం వచ్చిందో అందులోనే ఉంటుంది. ఇంకో నియమం పెట్టుకో: ఎదురుగా కూర్చుంటేనే ఓటీపీ, ఫోను చేసి మాత్రం ఎప్పుడూ అడగకు. గర్భిణులకు వచ్చే డబ్బులు వేస్తామంటూ ఫోన్లు చేసే మోసగాళ్లు అచ్చం నీలాగే 'అమ్మా బాగున్నావా' అని మొదలుపెడతారు. మా సిస్టరు ఫోనులో అడగదని ఊరందరికీ తెలిసి ఉంటే ఆ ఫోను ఎవరిదో వెంటనే తెలిసిపోతుంది. ఎవరైనా చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటే ఆ నిమిషమే 1930కి ఫోను చేయించు.

ఆధార్‌కు లింకైన నంబరు మొగుడి దగ్గర ఉండి, ఆయనేమో లారీ మీద నాగపూర్‌లో ఉంటాడు. అరుగు మీద గంటసేపు కూర్చున్నా ఓటీపీ రాదు. అలాంటప్పుడు ఆభా నంబరు, అదే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు, వాయిదా వెయ్యి, టీకా మాత్రం వెయ్యకుండా రాకు. ఆభా ఇష్టమైనవాళ్లు తీసుకునేదే. అది లేదని బిడ్డకు టీకా ఆపమని ఎక్కడా లేదు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. ఇంటికెళ్లి, వంటయ్యాక, గుర్తున్నంతవరకు ట్యాబులోకి ఎక్కించేవాళ్లున్నారు. అందరికీ బీపీ 120/80, అందరికీ హిమోగ్లోబిన్ 10. ఆ జాబితా చూస్తే ఊరంతటికీ ఒకటే రక్తమా అనిపిస్తుంది. హై రిస్క్ గర్భిణులెవరో తేలేది ఆ అంకెలను బట్టే కదా. బీపీ 140/90కి చేరిందా, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గిందా అని చూస్తారు. 150/100 ఉన్న పిల్లకు 120/80 కొట్టావంటే ఆ పిల్ల పేరు జాబితాలో ఉండదు. నెలలు నిండేటప్పుడు పీహెచ్‌సీ నుంచి ఎవరూ ఫోను చేయరు. వాగు పొంగకముందే తీసుకొచ్చి గర్భిణుల వసతి గృహంలో పెట్టాలని ఎవరికీ తోచదు. చూడకపోతే ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ ఉందంటే ఇంకా చూడలేదని పైవాళ్లకు తెలుస్తుంది. 120/80 ఉందంటే చూశారు, బాగానే ఉందని అర్థం. ఖాళీగా ఉంటే యాప్ ముందుకు పోనివ్వదంటావా? ఆ ఎంట్రీయే ఆపు, రేపు చూసి ఎక్కించు. టార్గెట్ తగ్గిందని తిడితే తిట్టనీ.

నర్సువా, డేటా ఎంట్రీ ఆపరేటరువా అన్నావు. నైటింగేల్ అంటే అందరూ దీపమే చెబుతారు. యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువ పోతున్నారని ఆవిడ రంగుల పటాలు గీసి ప్రభుత్వానికి చూపించింది. 1858లో లండన్‌లోని స్టాటిస్టికల్ సొసైటీ మహిళల్లో మొదట సభ్యురాలిగా చేర్చుకున్నది ఆవిడనే. లెక్క రాయడం మన పనే తల్లీ. చూడకుండా రాయడమే మన పని కాదు.

రాత్రి డ్యూటీలో డాక్టరు గారు ఆర్డర్లు వాట్సాప్‌లో పెడుతున్నారు. వాటిని చూసి మందులు ఇచ్చేయొచ్చా? గాయాల ఫొటోలు కూడా పంపమంటున్నారు. తర్వాత ఏదైనా అయితే నా మీదకు వస్తుందని భయం. (స్టాఫ్ నర్సు, హైదరాబాద్)

భయం ఉండటం మంచిదే అమ్మాయ్, కాస్త మిగుల్చుకో.

వాట్సాప్ ఆర్డరు అసలే చెల్లదని అనను. రాత్రిపూట చాలా ఆసుపత్రులు దానిమీదే నడుస్తున్నాయి, కళ్లు మూసుకుని లేదంటే సరిపోదు. నువ్వు చేయాల్సింది ఇది. మెసేజ్ రాగానే తిరిగి ఫోను చేసి పేషెంటు పేరు, బెడ్ నంబరు, మందు, డోసు, ఏ దారిలో ఇవ్వాలో నువ్వే పైకి చదివి వినిపించు. ఆయన 'అవును' అన్నాక కేస్‌షీట్లో 'ఫోను ఆర్డరు' అని టైముతో సహా రాయి. పొద్దున రౌండ్స్‌లో ఆయన చేత సంతకం పెట్టించుకో. మొహమాటపడకు, ఆ సంతకం అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోప్పడరు. కోప్పడేవారైతే మరీ తప్పకుండా అడుగు.

డోసు కాస్త తప్పినా ప్రాణం మీదకు వచ్చే ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివాటికి మెసేజ్ ఒక్కటే చూసి సిరంజి ఎత్తొద్దు. 10 పక్కన యూనిట్స్‌కు పొట్టిగా ఇంగ్లీషు యు కొడితే, హడావుడిలో అది సున్నాలా కనబడి 100 అవుతుంది. 1.0 అని పెడితే చుక్క కనబడక 10 అవుతుంది. సున్నా లేకుండా .5 అని పెడితే 5 అవుతుంది. చిన్న తెరమీద, నిద్ర కళ్లతో చదివేటప్పుడు ఇవి మామూలే.

ఇంకొకటి. ఆర్డరు సరిగ్గా రావాలంటే మనం చెప్పేది సరిగ్గా ఉండాలి. అర్ధరాత్రి ఫోను చేసి 'సార్, 12వ బెడ్ పేషెంటు బాగోలేదు సార్' అంటే నిద్రలో ఉన్న మనిషి ఏమంటాడు? 'సరే, చూస్తూ ఉండు' అంటాడు. ఇలా చెప్పి చూడు:

'సార్, ఫిమేల్ సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును. 12వ బెడ్ పేషెంటుకు బీపీ పడిపోయింది. నిన్న మధ్యాహ్నం పేగు ఆపరేషన్ అయినావిడ, రాత్రి పదింటికి 110/70 ఉంది. ఇప్పుడు 86/50, పల్స్ 128, యూరిన్ గంటకు 15 ఎంఎల్, డ్రెయిన్‌లో ఎర్రగా వస్తోంది. లోపల బ్లీడింగేమోనని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి సార్. ఈలోగా ఫ్లూయిడ్ పెంచమంటారా? క్రాస్ మ్యాచింగ్‌కు రక్తం పంపమంటారా?'

ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. ఆయన మంచం దిగి చెప్పులు వేసుకుంటాడు. ఇప్పుడేమైంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయమంటారు. ఈ వరసను ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళంలో మొదలై ఆసుపత్రుల్లోకి వచ్చింది. 'నా అనుమానం' అనే మాట దగ్గర మన పిల్లలు తడబడతారు, డాక్టరుకు మనం చెప్పడమేమిటని. చెప్పాలి. ఆవిణ్ణి చూస్తున్నది నువ్వు, ఆయన కాదు.

ఫొటోల విషయం. పుండు మానుతోందో లేదో డాక్టరుకు చూపించడానికి ఫొటో చాలా పనికొస్తుంది. పేషెంటును అడిగి, సరేనంటేనే తియ్యి. ముఖం, పేరు, చేతి పట్టీ, బెడ్ మీది కార్డు పడకూడదు. ఆ డాక్టరుకు విడిగా పంపు, యాభైమంది ఉన్న వార్డు గ్రూపులో పెట్టకు. మీ గ్రూపు ఒకసారి తెరిచి చూడు, ఉద్యోగం మానేసి ఇంకో ఆసుపత్రిలో చేరినవాళ్లు ఇంకా అందులోనే ఉంటారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ ఆఫ్ చెయ్యి. లేకపోతే గ్యాలరీలోకి, అక్కడినుంచి గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కి, ఇంట్లో పిల్లలు ఆడుకునే ట్యాబులో ఆ పుండు ప్రత్యక్షమవుతుంది. పని అయ్యాక చాట్‌లోనూ, గ్యాలరీలోనూ డిలీట్ చెయ్యి. హెచ్ఐవీ ఉన్నవాళ్ల వివరం వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ఉంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. పుట్టిన బిడ్డతో లేబర్ రూములో రీల్ చేసే సరదా ఈమధ్య ఒకటి మొదలైంది. ఆ తల్లి అడిగినా సరే, నీ ఫోనులో వద్దు.

మా ఊరి పల్లె దవాఖానల సిస్టరు కంప్యూటర్ పెట్టి డాక్టరుతోని వీడియోల మాట్లాడిస్తది. చెయ్యి పట్టి చూడని డాక్టరు రాసే మందులు నమ్మచ్చా? (పెద్దాయన, ఆదిలాబాద్ జిల్లా)

చెయ్యి పట్టి చూసింది సిస్టరు కదా అన్నా. బీపీ, షుగరు, జ్వరం, ఆక్సిజన్ ఆమె చూసి చెబుతుంది, దాన్నిబట్టి అవతల డాక్టరు అడుగుతాడు. కడుపు ఎక్కడ నొక్కితే నొప్పో ఆమె నొక్కి చూసి చెబుతుంది. ఈ-సంజీవని అని 2019 చివర్లో మొదలైన పద్ధతి అది, దేశమంతటా నడుస్తోంది. పాత బీపీ, షుగరు మందులు కొనసాగించడానికి, చర్మం మీద దద్దులకు, దగ్గు జలుబులకు, రిపోర్టు చూపించుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. బస్సు ఛార్జీ, ఒకరోజు కూలీ మిగులుతాయి. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. మత్తుమందుల కోవలోకి వచ్చేవి వీడియోలో చూసి రాయకూడదు, అడిగి ఆమెను ఇబ్బంది పెట్టకండి. ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, ఆయాసం, పాముకాటు... వీటికి వీడియో వద్దు, 108కి ఫోను కొట్టండి.

ఎనిమిది కిలోల బాబుకు పారాసిటమాల్ ఎంతివ్వాలని ఏఐని అడిగితే వెంటనే చెబుతోంది. డ్యూటీలో దాన్ని వాడొచ్చా? (నర్సింగ్ విద్యార్థిని, కర్నూలు)

కిలోకు 15 మిల్లీగ్రాములు, ఎనిమిది కిలోలకు 120 అని చెబుతుంది. సరైనదే. కానీ నీ చేతిలో ఏ సీసా ఉందో దానికి తెలియదు. 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములు ఉన్న సిరప్పైతే 5 ఎంఎల్‌కు కాస్త తక్కువ. డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటాయి, అప్పుడు 1.2 ఎంఎల్ చాలు. 250 సిరప్పు ఇంకోటి ఉంది. డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ పోశావంటే ఆ బిడ్డకు 500 పడింది. ముందు లేబుల్ చదువు, తర్వాత డాక్టరు రాసినదాంతో పోల్చు, తేడా ఉంటే ఫార్మసిస్టును అడుగు. చదువుకునేటప్పుడు ఏఐని ఎన్నైనా అడుగు. డ్యూటీలో మాత్రం పేషెంటు పేరు, రిపోర్టు దాంట్లో కొట్టకు.

మా ఆసుపత్రిలో వచ్చే నెల నుంచి కేస్‌షీట్లన్నీ కంప్యూటర్లోనేనట. నాకు 54 ఏళ్లు, హెడ్ నర్సును. చిన్నపిల్లలు టకటకా కొడుతుంటే నాకు టెన్షన్‌తో చెమటలు పడుతున్నాయి. వీఆర్‌ఎస్ పెట్టేయనా? (హనుమకొండ)

ఛ, కీబోర్డుకు భయపడి ఉద్యోగం వదిలేస్తారా సిస్టరు గారూ!

మీకు కావాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం కాదు. వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి) ఎక్కించేది, మందుల చార్టు, స్టోరును సరుకు అడిగే ఇండెంటు, డిశ్చార్జి. ఈ నాలుగు తెరలు చేతికి అలవాటైతే మీ డ్యూటీ గడిచిపోతుంది. ట్రైనింగులో కుర్రాడు మౌసు తన చేతిలో పెట్టుకుని చకచకా చూపించేస్తాడు, అది ట్రైనింగు కాదు. మౌసు మీ చేతికి ఇమ్మనండి. తెలుగులోనో ఇంగ్లీషులోనో అడుగులన్నీ నోటుబుక్కులో రాసుకోండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. రెండు వేళ్లతో కొట్టినా చార్టు చార్టే.

ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఒక సిస్టరు పేరుతో లాగిన్ అయి, పాస్‌వర్డు కాగితం మానిటరుకు అంటించి, మూడు షిఫ్టులవాళ్లూ అందులోనే కొట్టేయడం నేను చాలా చోట్ల చూశాను. ఆ తెర మీద ఎవరి పేరుంటే మందు ఇచ్చింది వాళ్లే అని అర్థం. విచారణ వచ్చిన రోజున 'నేను ఆ రోజు లీవులో ఉన్నానండీ' అంటే ఎవరు వింటారు? అలాగే నిన్నటి నోట్సు కాపీ చేసి ఈరోజు పెట్టడం. డ్రెయిన్ తీసేసి రెండు రోజులైనా 'డ్రెయిన్ బాగా పనిచేస్తోంది' అని అందులో ఉంటుంది.

మీ అనుభవం ఎందుకు పనికొస్తుందో కూడా చెబుతాను. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లమీద సైబర్ దాడి జరిగింది. రోజుల తరబడి ఓపీ, ల్యాబు, అడ్మిషన్లు అన్నీ కాగితాలమీద నడిపారు. దేశంలోనే పెద్దాసుపత్రికి అలా జరిగితే మనకు జరగదని ఏముంది? కరెంటు పోతే చాలు. అందుకని మీ వార్డులో ఒక ఫైలులో ఖాళీ వైటల్స్ చార్టులు, మందుల చార్టులు, ల్యాబ్ ఫారాలు ఎప్పుడూ ఉంచండి. షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల లిస్టు ఒక ప్రింటు తీయించండి. సర్వరు పడిన రోజున ఆ టకటకా పిల్లలంతా మీ టేబుల్ చుట్టూ చేరతారు.

మా అమ్మాయి మాంచెస్టర్‌లో నర్సు. పేషెంటు చేతి పట్టీని స్కాన్ చేయందే మాత్ర కూడా ఇవ్వకూడదట. ఇక్కడ ఐసీయూలో చేసి వెళ్లిన పిల్లకు ఇది అవమానం కాదా? (ఒక తల్లి, ఏలూరు)

అవమానమేమీ కాదు వదినగారూ. మన వార్డుల్లో ఒకేరోజు ముగ్గురు వెంకటలక్ష్ములు ఉండటం మామూలే. 'వెంకటలక్ష్మీ' అని పిలిస్తే ముగ్గురూ 'ఆఁ' అంటారు. ఆ స్కానరు ఒకరి మందు ఇంకొకరికి పోకుండా అడ్డం పడుతుంది. అక్కడ న్యూస్-2 అనే లెక్క కూడా ఉంది, మీ అమ్మాయి రోజూ వాడే ఉంటుంది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ ఒక్కొక్కదానికి మార్కులు. మొత్తం 5 వచ్చిందంటే త్వరగా డాక్టరు చూడాలి, 7కి చేరితే అత్యవసరం. కొత్తగా వెళ్లిన పిల్ల, యాస అర్థంకాని చోట, 'నాకెందుకో ఈయన తేడాగా కనిపిస్తున్నాడు' అంటే వినకపోవచ్చు. 'స్కోరు 7' అంటే పరుగెత్తుకుని వస్తారు. మన ఆసుపత్రులన్నిట్లోనూ ఇది ఉంటే బాగుండునని నా కోరిక.

మీరు చేయగల సాయం ఒకటుంది. అమ్మాయి డ్యూటీలో ఉండగా వీడియో కాల్ చేయకండి. ఎత్తకపోతే మీకు కంగారు, ఎత్తితే ఆవిడకు మెమో.

ఇన్‌స్టాలో ఒక ఏజెన్సీ జర్మనీలో నర్సు ఉద్యోగం, నాలుగు లక్షలు కట్టమంటోంది. నమ్మొచ్చా? (బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

డబ్బు కట్టకు. ముందు విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెన్సీ పేరు ఉందో లేదో వెతుకు. రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. నాలుగు లక్షల మాట ఎత్తగానే నీకు అర్థమైపోవాలి. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలున్నాయి, ముందు వాటిని అడుగు. జర్మనీకి జర్మన్ భాష తప్పదు, భాష అక్కర్లేదన్నవాడు అబద్ధం చెబుతున్నాడు. అమెరికా ఆలోచన ఉంటే అక్కడి నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాదులోనే రాయొచ్చు. కంప్యూటరే నీ జవాబునుబట్టి తర్వాతి ప్రశ్న ఎంచుతుంది, 85 నుంచి 150 ప్రశ్నల దాకా వస్తాయి. ముందు డిగ్రీ పూర్తి చెయ్యి.

డ్యూటీలో ఫోను యాప్రాన్ జేబులో పెట్టుకుంటే మా సూపరింటెండెంట్ గారు ఇన్ఫెక్షన్ అంటూ తిడుతున్నారు. డాక్టర్ల జేబుల్లో ఉంటే ఏమీ అనరు. ఇదేం న్యాయం? (స్టాఫ్ నర్సు, విజయవాడ)

డాక్టర్లనూ అనాలి, అక్కడ నీ మాటే నాది. డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఫోను కవరు తీసి 70 శాతం ఆల్కహాల్ వైప్‌తో తుడువు. ఐసొలేషన్ గదిలోకి తీసుకెళ్లకు, తప్పకపోతే జిప్ కవరులో పెట్టు, బయటికొచ్చాక కవరు పారెయ్యి. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే ఫోనెత్తి, మళ్లీ అదే చేత్తో క్యాన్యులా ముట్టుకుంటే మాత్రం నేను మీ సూపరింటెండెంట్ గారి పక్షం.